ఎడిన్‌బరో వైద్య విద్యార్థుల సంఘం: పుట్టుక, ఆచారాలు, మన నేలతో దానికున్న చుట్టరికం

నిదురలేని_వార్డు:

సభ్యులందరికీ నమస్కారం. నేను ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ మూడో సంవత్సరం చదువుతున్నాను. మా బ్యాచ్‌లో పదిమందిమి కలిసి ఒక చిన్న సంఘం పెట్టుకోవాలని అనుకుంటున్నాం. మా దగ్గర సంఘాలకు కొదవ లేదు. ఆటలకు ఉన్నాయి, వార్షికోత్సవానికి ఉన్నాయి, ఊరి పేరు మీద, కులం పేరు మీద కూడా ఉన్నాయి. చదివినదాన్ని తోటివారి ముందు పెట్టి, తప్పు ఉంటే దిద్దించుకోవడానికి మాత్రం ఒక్కటీ లేదు. విద్యార్థులే పెట్టుకుని విద్యార్థులే నడుపుకుంటూ వచ్చిన వైద్య సంఘాలలో చాలా పాతది స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో నగరంలో ఉన్న రాయల్ మెడికల్ సొసైటీ అని విన్నాను. అది ఎలా మొదలైందో, లోపల ఏ పద్ధతులు పాటించేవారో, ఏ ఆచారం బలం మీద ఇన్నేళ్ళు నిలిచిందో తెలిసిన పెద్దలు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాతపుటలు:

నేను పాతికేళ్ళకు పైగా శరీర నిర్మాణ శాస్త్రం బోధించి విరమించినవాడిని. ఈ సంఘం కథ మొదలయ్యేది డిసెక్షన్ (శవ విచ్ఛేదన) బల్ల దగ్గరే కాబట్టి, తెలిసినంత వరకు చెబుతాను.

1720లో అలెగ్జాండర్ మన్రో ఎడిన్‌బరోలో శరీర నిర్మాణ శాస్త్ర ఆచార్యుడయ్యాడు. ఆయన కొడుకు, మనవడు కూడా అదే పేరుతో అదే పీఠం ఎక్కారు కాబట్టి ఈయనను మొదటి మన్రో అంటారు. శవాల కోసం సమాధులు తవ్వుతున్నారన్న ఆగ్రహంతో 1725లో జనం తిరగబడితే, ఆయన తన పాఠశాలను విశ్వవిద్యాలయం గోడల లోపలికి మార్చుకోవలసి వచ్చింది. 1726లో వైద్య శాఖ ఏర్పడింది, 1729లో చిన్న ఆస్పత్రి ఒకటి తెరిచారు. పాఠాలు వినడానికి విద్యార్థులు తండోపతండాలుగా వచ్చారు గాని, ఒక దేహాన్ని స్వయంగా విప్పి చూసే అవకాశం వారిలో బహు కొద్దిమందికే దక్కేది.

1734 ఆగస్టులో ఆరుగురు విద్యార్థులకు ఆ అవకాశం దొరికింది. ఊరికి కొత్తగా వచ్చిన ఒక యువతి జ్వరంతో మరణించింది. ఆమె దేహాన్ని మన్రో పాఠశాలకు ఆనుకుని ఉన్న గదిలో ఉంచి, ఆ ఆరుగురూ దాదాపు నెల రోజులు విచ్ఛేదన చేశారు. పని ముగిశాక ఒక సాయంత్రం పానశాలలో కలుసుకున్నారు. ఇన్నాళ్ళు కలిసి పనిచేసినవాళ్ళం విడిపోవడం ఎందుకని, పదిహేను రోజులకొకసారి ఒకరి బసలో కూడి, వంతుల వారీగా ఒక్కొక్కరు ఒక వైద్య విషయం మీద ఇంగ్లీషులోనో లాటిన్‌లోనో వ్యాసం చదవాలని, మిగతావారు దానికి ఆక్షేపణలు చెప్పాలని ఒప్పుకున్నారు. ఆరుగురిలో ఒకడైన విలియం కమింగ్ ముసలితనంలో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరం వల్లనే ఈ వివరాలు మనకు దక్కాయి. మొదటివారు చదువులు ముగించి చెదిరిపోయినా, తరవాత వచ్చినవారు ఆ ఏర్పాటును వదలలేదు. 1737లో సంఘం లాంఛనంగా ఏర్పడింది. 1778లో మూడో జార్జి రాజు దానికి రాజపత్రం ఇచ్చాడు. అంతకు మూడేళ్ళ ముందే, 1775లో, సొంత భవనానికి విలియం కల్లెన్ శంకుస్థాపన చేశాడు. ఆనాటి ఎడిన్‌బరో వైద్యంలో ఆయనను మించిన పేరు లేదు. అంతటి ఆచార్యుడు వచ్చి రాయి వేశాడు గాని, పెత్తనం మాత్రం విద్యార్థుల చేతిలోనే ఉండిపోయింది. ఏటా నలుగురు అధ్యక్షులను తమలోంచే ఎన్నుకునేవారు.

నిదురలేని_వార్డు:

గురువుగారూ, ఆ యువతి పేరు ఎక్కడైనా నమోదయిందా? ఆరుగురి పేర్లు మిగిలాయి కదా అని అడుగుతున్నాను.

పాతపుటలు:

కమింగ్, క్లెగ్‌హార్న్, రసెల్, హామిల్టన్, టేలర్, కెనెడీ. ఆరుగురి పేర్లూ ఉన్నాయి. ఆమెను మాత్రం కమింగ్ పరాయి ఊరి మనిషి అని మాత్రమే పేర్కొన్నాడు. అడిగేవారు ఎవరూ లేరు కాబట్టే ఆమె దేహం వారికి దొరికింది. ఇది నేను దాటవేయదలచుకోలేదు. అదే నగరంలో 1828లో బర్క్, హేర్ అనే ఇద్దరు పదహారుమందిని చంపి, ఆ శవాలను రాబర్ట్ నాక్స్ శరీర నిర్మాణ పాఠశాలకు అమ్ముకున్నారు. శవాలు సక్రమంగా లభించే ఏర్పాటు కోసం 1832లో చట్టం వచ్చాక కూడా, ఆ బల్ల మీదికి చేరినవి ఎక్కువగా దిక్కులేనివారి దేహాలే.

నేను విద్యార్థిగా ఉన్నప్పుడు మా హాలులో ఒక వృద్ధుడి దేహం మీద సీనియర్లు ఒక పేరు రాసి నవ్వుకున్నారు. నేనూ వారితో పాటు నిలబడి ఉన్నాను, వద్దని ఒక్క మాట అనలేదు. ఆ మౌనం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. ఇప్పుడు చాలా కళాశాలల్లో మొదటిరోజునే విద్యార్థుల చేత ఆ దేహం ముందు ప్రతిజ్ఞ చేయిస్తున్నారు, ఇష్టపూర్వకంగా దేహదానం చేసేవారు కూడా ముందుకు వస్తున్నారు. మీ సంఘం మొదటి సమావేశంలో ఏ దీపమూ వెలిగించకపోయినా సరే, మీకు తన దేహంతో పాఠం చెప్పినవారిని తలచుకుని ఒక నిమిషం నిలబడండి.

విశాఖ_ఇసుక:

పాతపుటలు గారు చెప్పిన ఆరుగురిలో రసెల్ పేరు చూసి ఆగలేక రాస్తున్నాను. ఆయన అలెగ్జాండర్ రసెల్. తరవాత సిరియాలోని అలెప్పో నగరంలో ఇంగ్లీషు వర్తకులకు వైద్యుడిగా పనిచేసి, 1756లో ఆ నగర ప్రకృతి చరిత్ర మీద గొప్ప గ్రంథం ప్రచురించాడు. ఆయన సవతి తమ్ముడు పాట్రిక్ రసెల్ కూడా ఎడిన్‌బరోలో చదివి, అన్న తరవాత అలెప్పోలో అదే ఉద్యోగం చేశాడు. ఆ పాట్రిక్ రసెల్ 1780ల మొదట్లో, ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉన్న మరో సోదరుడితో కలిసి మా విశాఖపట్నం వచ్చాడు. 1785లో కంపెనీ ఆయనను కర్ణాటిక్ ప్రాంతానికి (ఇప్పటి కర్ణాటక రాష్ట్రం కాదు, తూర్పు తీర ప్రాంతం) ప్రకృతి శాస్త్రజ్ఞుడిగా నియమించింది.

పాముకాటు మరణాలు ఆయనను కలవరపెట్టాయి. ఏ పాము విషపుదో, ఏది కాదో జనం తెలుసుకుంటే అనవసర భయమూ తగ్గుతుంది, ప్రాణాలూ నిలుస్తాయని ఆయన ఉద్దేశం. తీరం వెంట పాములను సేకరించి, వాటి కోరలు పరిశీలించి, కుక్కల మీదా కోళ్ళ మీదా విషాన్ని పరీక్షించి, 1796లో బొమ్మలతో పెద్ద పుస్తకం వేశాడు. దానిలో పాములకు స్థానికులు చెప్పిన పేర్లనే ఇంగ్లీషు అక్షరాలలో రాసుకున్నాడు. మనం రక్తపింజర అనే పాముకు ఆయన పుస్తకంలో ఉన్న పేరు కాటుక రేకుల పొడ. ప్రపంచమంతా ఇప్పుడు దాన్ని రసెల్ వైపర్ అని పిలుస్తోంది. పసుపు, నలుపు పట్టీల కట్లపామును మనవాళ్ళు బంగారు పాము అన్నారు. ఆయన అలాగే రాసుకున్నాడు. ఆ తెలుగు మాట నుంచే తరవాత శాస్త్రజ్ఞులు కట్లపాముల జాతికి బంగారస్ అని లాటిన్ పేరు పెట్టారు. విశాఖ చేపల మీద ఆయన వేసిన గ్రంథం 1803లో వచ్చింది. అందులో రెండు వందల చేపల వర్ణనలు, బొమ్మలు ఉన్నాయి.

ఆ కాలంలో పాములు పట్టి తెచ్చిన మనుషుల పేర్లు కూడా ఆ యువతి పేరులాగే పోయాయి. వారి మాటలు మాత్రం శాస్త్రంలో మిగిలాయి.

నిదురలేని_వార్డు:

బంగారస్ అన్న మాటను విష వైద్యం పాఠంలో ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. అది మన మాట అని ఎవరూ చెప్పలేదు. మీకు చాలా కృతజ్ఞతలు. ఇప్పుడు సంఘం లోపలి పద్ధతుల గురించి కూడా ఎవరైనా చెప్పగలరా? ఆ వ్యాసాలు ఎలా రాసేవారు? ఎలా వాదించేవారు?

పాతపుటలు:

18వ శతాబ్దంలో ప్రతి సభ్యుడికీ మూడు అంశాలు ఇచ్చేవారు: ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపొక్రటీస్ సూత్రవాక్యం ఒకటి, ఒక రోగి వృత్తాంతం, ఒక సాధారణ ప్రశ్న. సభ్యుడు ఈ మూడింటి మీదా రాసి, సమావేశానికి ముందే ఆ రాతను తోటి సభ్యులకు అందుబాటులో ఉంచేవాడు. వారు చదువుకుని, ఆక్షేపణలు సిద్ధం చేసుకుని వచ్చేవారు. రాసినవాడు ఆ రాత్రి వాటికి జవాబు చెప్పుకోవాలి. చదివిన వ్యాసాలను పెద్ద పెద్ద సంపుటాలలో చేతిరాతతో ఎక్కించి దాచారు. అందువల్ల, ఒక ఇరవై ఏళ్ళ కుర్రవాడు రెండున్నర శతాబ్దాల కింద జ్వరం గురించి ఏమనుకున్నాడో ఇవాళ మనం చదవవచ్చు.

నా దృష్టిలో ఈ సంఘం ఆచారాలలో ముఖ్యమైనది ఇదే. ముందుగా చదివి వచ్చిన తోటివాడి ముందు నిలబడటం చాలా కష్టం. ఆచార్యుడి ముందైతే తల వంచి ఊరుకోవచ్చు. స్నేహితుడు అడిగిన ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పి తీరాలి, ఎందుకంటే రేపు మళ్ళీ అతని పక్కనే బల్ల మీద కూర్చోవాలి.

చార్లెస్ డార్విన్ 1825 నుంచి 1827 వరకు ఎడిన్‌బరోలో వైద్యం చదివాడు. ఈ సంఘంలో సభ్యుడై, సమావేశాలకు బాగానే హాజరయ్యాడు. విషయాలన్నీ వైద్యానివే కాబట్టి తనకు అంత ఆసక్తి కలగలేదని, అక్కడ పనికిరాని మాటలు చాలా వినబడేవని, అయితే మంచి వక్తలు కూడా కొందరు ఉండేవారని ఆత్మకథలో రాసుకున్నాడు. దాన్ని నేను సంఘానికి మచ్చగా భావించను. విద్యార్థులు స్వేచ్ఛగా మాట్లాడే చోట పనికిరాని మాటలు తప్పవు. రిచర్డ్ బ్రైట్, థామస్ అడిసన్, థామస్ హాడ్‌కిన్ కూడా ఈ సంఘపు సభ్యులే. మూత్రపిండాల పాఠంలో ఒకరు, అడ్రినల్ గ్రంథుల పాఠంలో ఒకరు, లింఫ్ గ్రంథుల కేన్సర్ పాఠంలో ఒకరు, తమ పేరు పెట్టిన జబ్బుల రూపంలో నేటికీ మీకు ఎదురవుతారు.

ఊపిరి_లెక్క:

నేను హైదరాబాద్‌లో మత్తు వైద్యురాలిని. సంఘం గురించి అందరూ మెచ్చుకోలుగా రాస్తున్నారు. నాకు ఒక అభ్యంతరం ఉంది, మన్నించండి. తోటివారి వాదన సత్యం వైపే నడిపిస్తుందని పాతపుటలు గారు నమ్ముతున్నట్టు కనిపిస్తోంది. అదే సంఘంలో జాన్ బ్రౌన్ అనే ఆయన 1776లోనూ 1780లోనూ అధ్యక్షుడయ్యాడు. కల్లెన్ దగ్గర పెరిగి, ఆయనకే ఎదురు తిరిగినవాడు. రోగాలన్నీ శరీరంలోని ఉత్తేజం పెరగడం వల్లనో తగ్గడం వల్లనో వస్తాయని, ఎక్కువ రోగాలకు ఉత్తేజం పెంచే సారాయి, నల్లమందు ఇవ్వాలని ఆయన వాదం. 1780లో దాన్ని లాటిన్ గ్రంథంగా వేశాడు. విద్యార్థులు రెండు పక్షాలుగా చీలిపోయారు. సభలో అన్న మాటకు సభ్యుడు సభ్యుడిని ద్వంద్వయుద్ధానికి పిలిస్తే బహిష్కరిస్తామని సంఘం నియమం పెట్టుకోవలసి వచ్చింది. వ్యాసం, ఆక్షేపణ, సమాధానం అన్నీ సక్రమంగానే జరిగాయి. అయినా ఆ సిద్ధాంతం యూరప్ అంతా పాకి, ఎందరో రోగులకు సారాయి, నల్లమందు పట్టించింది.

ఇంకో ఉదాహరణ నా ఊరిదే. 1835లో ఈ సంఘానికి అధ్యక్షుడైన జేమ్స్ యంగ్ సింప్సన్ 1847 నవంబరులో క్లోరోఫాం మత్తును ప్రపంచానికి పరిచయం చేశాడు. కొద్ది నెలలకే శస్త్రచికిత్స బల్ల మీద ఆకస్మిక మరణాలు మొదలయ్యాయి. గుండె ఆగి పోతున్నారా, శ్వాస ఆగి పోతున్నారా అన్నది అప్పటి పెద్ద తగవు. ఎడిన్‌బరో శస్త్రవైద్యుడు జేమ్స్ సైమ్ నాడిని పట్టుకోనక్కరలేదు, శ్వాసను గమనిస్తే చాలు అని బోధించాడు. ఆయన శిష్యుడు ఎడ్వర్డ్ లారీ 1885లో హైదరాబాద్ రెసిడెన్సీ సర్జన్‌గా వచ్చి, ఇక్కడి వైద్య పాఠశాలకు అధిపతి అయ్యాడు. ఈ తగవు తేల్చడానికి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చు మీద 1888లో ఒకసారి, 1889లో ఇంకోసారి హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ నడిచింది. రెండోసారి లాన్సెట్ అనే వైద్య పత్రిక తరఫున లాడర్ బ్రంటన్ లండన్ నుంచి వచ్చాడు. ఆయనా ఎడిన్‌బరో పట్టభద్రుడే. నాలుగు వందలకు పైగా కుక్కల మీద, కోతుల మీద ప్రయోగాలు చేసి, ముందు ఆగేది శ్వాసే అని తేల్చారు. గురువు మాట గెలిచింది. 1911లో గుడ్‌మన్ లీవీ చేసిన ప్రయోగాలు తేలికపాటి క్లోరోఫాం మత్తులో కూడా గుండె లయ తప్పి హఠాత్తుగా ఆగిపోగలదని నిరూపించాయి. శ్వాసను గమనించమన్న సలహా మంచిదే. నాడిని వదిలేయమనడం మాత్రం ప్రాణాంతకం.

సోదరభావం గురుభక్తిగా మారిన చోట రోగి నష్టపోతాడని నేను అంటున్నాను. పెట్టుకునే సంఘంలో దీనికి ఏం ఏర్పాటు చేసుకుంటారు?

పాతపుటలు:

మీ అభ్యంతరం సరైనదే, నేను దాన్ని స్వీకరిస్తున్నాను. బ్రౌన్ విషయం నేను తక్కువ చేసి చూశాను. ఒక్క మాట మాత్రం చేరుస్తాను. హిపొక్రటీస్ వాక్యం, సాధారణ ప్రశ్న అనే రెండింటిలో మాట చతురతకు చోటుంది. మూడోదైన రోగి వృత్తాంతంలో ఆ చోటు తక్కువ. రోగికి ఏమైంది, చివరికి బతికాడా లేదా అన్నది అక్కడ బయటపడుతుంది. బ్రౌన్ అనుయాయులు సిద్ధాంతం మీద వాదించినంతగా రోగుల ఫలితాలను లెక్కపెట్టి ఉంటే కథ వేరుగా ఉండేదని నా అభిప్రాయం. అందుకే నిదురలేని_వార్డు గారి సంఘంలో ప్రతి సమావేశమూ రోగితోనే మొదలవ్వాలని కోరుకుంటున్నాను.

ఒహాయో_తెలుగు:

నేను అమెరికాలో పనిచేస్తున్న వైద్యుడిని. ఇక్కడ సోదర సంఘం అంటే గ్రీకు అక్షరాల పేరు, సొంత ఇల్లు, ప్రమాణం, రహస్య సంకేతాలు. వైద్య విద్యార్థులకు కూడా అలాంటివి ఉండేవి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 1882లో న్యూ సిగ్మా న్యూ ఏర్పడింది. తరవాత మేయో క్లినిక్‌కు మూలస్తంభమైన విలియం మేయో విద్యార్థిగా దానిలో ఉన్నాడు. వీటి బలం ఇంటి భోజనం, పాత నోట్సు, పెద్ద వైద్యులతో పరిచయం. బలహీనత తలుపు. యూదు విద్యార్థులను చాలా సంఘాలు చేర్చుకునేవి కావు. 1904లో కార్నెల్ వైద్య కళాశాలలో వారు ఫై డెల్టా ఎప్సిలాన్ అనే సంఘాన్ని సొంతంగా పెట్టుకున్నారు. స్త్రీల కోసం మిషిగన్‌లోనే 1890లో ఆల్ఫా ఎప్సిలాన్ అయోటా వచ్చింది. నల్లజాతి విద్యార్థులు హోవర్డ్ విశ్వవిద్యాలయంలో తమది తాము పెట్టుకున్నారు. ఒకరిని బయట నిలబెట్టిన ప్రతిసారీ ఇంకో సంఘం పుట్టింది.

ఎడిన్‌బరో కూడా ఈ దోషానికి అతీతం కాదు. సోఫియా జెక్స్-బ్లేక్, ఆమె తోటి విద్యార్థినులు 1869లో అక్కడ వైద్యం చదవడానికి చేరితే, 1870 నవంబరు 18న శరీర నిర్మాణ పరీక్షకు వెళుతున్న వారి మీద గుంపు బురద చల్లింది, ముఖం మీద తలుపు మూసింది. ఆ గుంపులో విద్యార్థులే ఎక్కువ. చివరికి వారికి అక్కడ పట్టా దక్కలేదు. రాయల్ మెడికల్ సొసైటీ స్త్రీలను సభ్యులుగా చేర్చుకున్నది 1960లలో.

ఊపిరి_లెక్క:

ఈ తేదీ చూశాక రూపా బాయి ఫర్దూన్‌జీ గుర్తుకు వచ్చారు. హైదరాబాద్ వైద్య పాఠశాలలో లారీ దగ్గర చదువుకున్న పార్సీ మహిళ, క్లోరోఫాం కమిషన్ పనిలో పాల్గొన్నారు. ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా ఆమెను గుర్తిస్తారు. 1909లో పై చదువుకు ఎడిన్‌బరో వెళ్ళారు. మత్తు వైద్యానికి ప్రత్యేక కోర్సు లేక, ఆ పనికి ఉపయోగపడతాయని భౌతిక, రసాయన శాస్త్రాలు చదువుకుని తిరిగి వచ్చి, హైదరాబాద్‌లో మత్తు ఇచ్చారు. క్లోరోఫాం గురించి ఆ సంఘపు గదిలో ఉన్నవారిలో చాలామందికంటే ఆమెకు ఎక్కువ తెలిసి ఉండాలి. సింప్సన్ అధ్యక్షత వహించిన ఆ సభలో కూర్చునే అర్హత మాత్రం ఆమెకు లేదు. పొద్దున థియేటర్‌లోకి వెళ్ళి నాడి మీద వేలు పెట్టినప్పుడు ఆమెను తలచుకునే రోజులు నాకు చాలా ఉన్నాయి.

విశాఖ_ఇసుక:

ఆ సంఘం ఇప్పటి స్థితి కూడా చెప్పాలి. 1852 నుంచి మెల్‌బోర్న్ ప్లేస్ అనే వీధిలోని భవనంలో శతాబ్దానికి పైగా ఉన్నారు. 1960లలో ఆ ప్రాంతాన్ని పడగొట్టడంతో అది పోయింది. తరతరాల సభ్యులు కూడబెట్టిన గ్రంథాలయాన్ని డబ్బు అవసరమై 1969లో వేలం వేశారు. ఆ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు చాలా కష్టమనిపించింది. సంఘం మాత్రం ఆగలేదు. విశ్వవిద్యాలయం దగ్గరే చిన్న గదుల్లో నడుస్తోంది. 1957లో మొదలుపెట్టిన రెస్ మెడికా పత్రికను విద్యార్థులే తెస్తున్నారు.

పాతపుటలు:

చేతిరాత వ్యాసాల సంపుటాలను మాత్రం వారు పోగొట్టుకోలేదు. కొన్న పుస్తకాలు ఇంకెక్కడైనా దొరుకుతాయి, తమవాళ్ళు రాసినవి దొరకవు.

నిదురలేని_వార్డు:

అందరికీ నమస్కారాలు. నిన్న రాత్రి హాస్టల్ మెట్ల మీద కూర్చుని ఈ చర్చ మొత్తం మావాళ్ళకు చదివి వినిపించాను. కొన్ని నిర్ణయాలు చేసుకున్నాం. సభ్యత్వానికి ఊరు, కులం, లింగం, మార్కులు ఏవీ అడగం, జూనియర్లను కూడా చేర్చుకుంటాం. వ్యాసం రెండు రోజుల ముందే అందరికీ అందాలి. ఊపిరి_లెక్క గారి ప్రశ్నకు మాకు తోచిన ఏర్పాటు ఇది: ప్రతి సమావేశానికీ ఒకరిని ఆక్షేపకుడిగా ముందే నియమిస్తాం, వ్యాసం రాసినవారికి ఎంత దగ్గరి స్నేహితుడైనా ఆ రోజు ఎదురు చెప్పడమే అతని పని. ‘మా సార్ ఇలా చెప్పారు’ అన్నది వాదనగా చెల్లదు. పాతపుటలు గారు కోరినట్టు ప్రతిసారీ రోగి వృత్తాంతంతోనే మొదలుపెడతాం, పేరూ గుర్తులూ లేకుండా. రాసినవన్నీ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో చేతిరాతతో ఎక్కిస్తాం.

మొదటి వ్యాసం నా వంతు వచ్చింది. కిందటి నెల మా మెడిసిన్ వార్డులో చూసిన రక్తపింజర కాటు రోగి గురించి రాస్తున్నాను. పొలంలో కాటు వేసిన తరవాత ఆయన మా ఆస్పత్రికి చేరడానికి ఆరు గంటలు పట్టింది. గాజు గొట్టంలో రక్తం ఇరవై నిమిషాలు గడిచినా గడ్డకట్టలేదు. విరుగుడు మందు ఎక్కించాం. మూత్రపిండాలు దెబ్బతిని డయాలసిస్ చేయవలసి వచ్చింది, ఇప్పుడు కోలుకుంటున్నారు. ఆ ఆరు గంటలు ఎక్కడెక్కడ పోయాయో ఆయన భార్యను అడిగి రాసుకుంటున్నాను. శీర్షికగా కాటుక రేకుల పొడ అని పెట్టాను.

పాతపుటలు:

రాత పూర్తయ్యాక, వారి అనుమతి తీసుకుని, ఇక్కడ కూడా పెట్టండి బాబూ. సమావేశానికి రెండు రోజుల ముందే పెట్టండి. నేను చదివి ఆక్షేపణలు రాస్తాను.